వానకు దిగని మనిషి

మా బావ పోయాడన్న కబురు పగటి రైల్లో కోవిల్‌పట్టికి వచ్చింది. తెచ్చినవాడు విరుదునగర్ మిరపకాయల మండీలో మూటలు మోసే మనిషి. నేను పనిచేసే, పత్తి గింజ తీసే జిన్నింగ్ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి నన్ను పిలిపించాడు. యంత్రాల మోతలో అతని మాట నాకు వినపడలేదు. రెండోసారి చెవి దగ్గర నోరు పెట్టి తమిళంలో చెప్పాడు: సైకిలు షాపాయన పొద్దున చక్రం వంకర తీస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడని, మా అక్క నన్ను వెంటనే రమ్మన్నదని.

చేతులకున్న గ్రీజు పత్తి పీచుతో తుడుచుకున్నాను. ఏడుపు రాలేదు. దాచకుండా చెప్పాలంటే మొదట నాకు కలిగింది ఒకరకమైన తేలిక. ఆ సంగతి తెలిసినవాడు ఇక ఈ లోకంలో నేనొక్కణ్ణే అనిపించింది. ఆ తేలిక ఫ్యాక్టరీ నుంచి రైలు స్టేషను దాకా కూడా నిలవలేదు కాని, కలిగిన మాట నిజం. దాన్ని దాచిపెట్టి ఆయన గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

ఆయన వానకు సైకిలు దిగేవాడు కాదు. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరైనా మొదట చెప్పే మాట అదే. విరుదునగర్‌ను అప్పటికి పెద్దవాళ్ళు ఇంకా విరుదుపట్టి అనే పిలిచేవాళ్ళు. ఎండకు కాగి, మిరపఘాటుకు దగ్గి, వాన కోసం మొగం వాచిన ఊరు అది. ఏడాదికి నాలుగు వానలు పడే ఊళ్ళో వానకు దిగకపోవటం ఏం గొప్ప అని నవ్వేవాళ్ళూ ఉన్నారు. కాని దీపావళి వచ్చే ఐప్పసి నెలలో తూర్పు నుంచి మబ్బు వచ్చి పడితే బజారంతా పంచల కింద చేరేది. ఎద్దులు కూడా బండి లాగనని మొండికేసేవి. అప్పుడు ఆ ఖాళీ వీధిలో ఈయన ఒక్కడు, తలమీద గుడ్డయినా లేకుండా, ఎండలో పోయినట్టే తొక్కుకుంటూ పోయేవాడు. ఎవరైనా పంచలోంచి కేక వేస్తే ఒకటే జవాబు.

"వాన మనకోసం రాలేదప్పా. దాని పనిమీద అది పోతా ఉండాది. మన పనిమీద మనం పోతాము."

ఇంటికి చేరాక తల తుడుచుకునేముందు సైకిలు తుడిచేవాడు. చైను, హబ్బు, కమ్మీలు ఒక్కొక్కటీ. మా అక్క తువాలు పట్టుకుని పక్కనే నిలబడి, "ముందు తల తుడుచుకోరాదా, జలుబు చేస్తాది" అనేది.

"నాకు తుప్పు పట్టదులే" అనేవాడు.

ఆయన షాపు మండీ వీధి చివర ఉండేది. సైకిళ్ళు బాడుగకిచ్చేవాడు, రిపేరు చేసేవాడు. ఎవడైనా సైకిలు తెచ్చి గోడకు ఆనించే తీరు చూసి వాడి గుణం చెప్పేవాడు. అక్క పెళ్ళయిన కొత్తలో నేను బాడుగ సైకిలు తిరిగి తెచ్చి హ్యాండిలు గోడకు గీసుకునేట్టు పడేస్తే, చాలాసేపు దాన్నే చూసి, "నీకు పిల్లనిచ్చేవాడు కొంచెం జాగర్తగా ఉండాల" అన్నాడు. అంతటితో వదిలేశాడు. ఆయన తిట్లన్నీ ఆ పాటివే. చెప్పటం ఇష్టంలేని మాట ఎవరైనా అడిగితే, పక్కనున్న టైరును బొటనవేలితో నొక్కి చూసేవాడు. గాలి సరిగానే ఉండేది. అడిగినవాడు ఇక ఆ మాట ఎత్తేవాడు కాదు.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది కూడా ఆయనే. మా కుటుంబాల్లో తెలుగు నోట్లో ఉండేది కాని కాగితం మీద ఉండేది కాదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బళ్ళో చదివింది తమిళమే. ఆయన చిన్నతనంలో మూడేళ్ళు నెల్లూరులో ఒక సైకిలు షాపులో పనిచేశాడు. అక్కడ గోడలమీద రాతలు చూసి చూసి చదవటం పట్టుబడింది. బేరంలేని మధ్యాహ్నాల్లో షాపు నేలమీద సుద్దముక్కతో రాసి నాచేత దిద్దించేవాడు. మా నోళ్ళకు అలవాటులేని ఒత్తు అక్షరాలు వచ్చినప్పుడు, "దీన్ని గొంతుతో కాదు, పొట్టతో పలకాల" అని పొట్టమీద తట్టేవాడు. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

మేము కన్యాకుమారికి చేసిన సైకిలు ప్రయాణం ఒక వెక్కిరింతలోంచి పుట్టింది. పందొమ్మిది వందల ముప్పైల మొదట్లో సంగతి. నూనె వ్యాపారి ఒకాయన షాపులో కూర్చుని, సైకిలు రైలు స్టేషనుకు పోయిరావటానికి పనికొచ్చే బొమ్మ అనీ, నాలుగు చినుకులు పడితే దాన్ని మనిషే మోసుకుపోవాలనీ, ఎద్దుబండి అయితే కన్యాకుమారి దాకా పోతుందనీ అన్నాడు.

"పది దినాల్లో కన్యాకుమారికి పోయి వస్తాను" అన్నాడు బావ.

"ఐప్పసి పుట్టబోతూ ఉంది."

"ఐప్పసిలోనే పోతాను."

మాట మండీ అంతా పాకింది. పదో రోజు సాయంత్రానికి తిరిగివస్తే బజారులో మేళం పెట్టి మాల వేస్తామన్నారు వ్యాపారులు. మదురై నుంచి పత్రికవాణ్ణి పిలిపించి ఫొటో తీయిస్తామన్నారు. ఆ చివరి మాట నా చెవిన పడింది. నేను అప్పటికి నా జన్మలో ఫొటో దిగలేదు. నేనూ వస్తానన్నాను. మా తమ్ముడు కూడా వస్తానన్నాడు. వాడికి ఇరవై ఏళ్ళు. కోవిల్‌పట్టి పక్కన మా ఊళ్ళో నాన్న పోయినప్పటి నుంచి సేద్యమంతా వాడిదే. రేగడి చేలల్లో పత్తి, సజ్జ, మిరప తప్ప వేరే ఏమీ చూసినవాడు కాదు. వాడికి మాలా వద్దు, ఫొటో వద్దు. సముద్రం చూడాలి, అంతే.

"దుక్కి ముగిసింది గదమ్మా, పోయి వస్తాను" అన్నాడు అమ్మతో.

అమ్మ బావవైపు తిరిగి అన్నది: "అల్లుడా, ఇద్దర్నీ నీ చేతికే ఇస్తా ఉండా."

బావ వాకిట్లో ఉన్న సైకిలు టైరు నొక్కి చూశాడు.

పోయేటప్పుడు వాన మమ్మల్ని పట్టించుకోలేదు. విరుదునగర్ నుంచి సాత్తూరు, కోవిల్‌పట్టి, తిరునెల్వేలి, నాగర్‌కోవిల్ మీదుగా నాలుగో రోజుకు కన్యాకుమారి చేరాం. తమ్ముడు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి చాలాసేపు నవ్వుతూనే ఉన్నాడు. అల వచ్చి కొట్టినప్పుడల్లా మా వైపు తిరిగి, మేమూ చూశామా లేదా అని చూసుకున్నాడు. అమ్మకు చూపించాలని రంగు రంగుల ఇసక గుడ్డలో మూటగట్టాడు. "చెప్తే నమ్మదు. ఎర్ర ఇసక, నల్ల ఇసక ఒకే తావులో" అన్నాడు. బావ ఒడ్డున కూర్చుని మూడు సైకిళ్ళ చైన్లకు ఉప్పుగాలి తగలకుండా నూనె రాశాడు.

తిరుగుదోవ సముద్రపు ఒడ్డు వెంట. తిరుచెందూరు దగ్గర మొదలైంది వాన. మొదటి రోజు అది వానలాగానే ఉంది. రెండో రోజుకు గాలి కలిసింది. తూత్తుకుడి దాటేసరికి చినుకులు పైనుంచి కాక పక్కనుంచి వచ్చి కంట్లో గుచ్చుకునేవి. బ్రేకులు పట్టేవి కావు. సీటు తోలు నీళ్ళు పీల్చి ఉబ్బి తొడలు ఒరిపిడి పట్టాయి. తాటిమట్టలు విరిగి రోడ్డుకు అడ్డంగా పడేవి. గాలి ఒక్కసారి విసిరితే సైకిలు దోవకు ఆ చివరనుంచి ఈ చివరకు వచ్చేది. బావ ముందు తొక్కుతూ, గాలి అంతా తన ఒంటిమీదికి తీసుకుంటూ, వెనక్కి తిరగకుండానే చెప్పేవాడు.

"వానని చూడొద్దప్పా. నా వెనక చక్రాన్ని చూస్తా రండి. అది తిరగతా ఉంటే మీరూ తిరగతా ఉండండి."

తమ్ముడు అప్పటికే దగ్గుతున్నాడు. తిరుచెందూరులో తడి బట్టలతోనే పడుకున్నాడు. తూత్తుకుడిలో కళ్ళు ఎర్రబడ్డాయి. అయినా వాడు దిగలేదు. బావ దిగడు కాబట్టి వాడూ దిగలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నానికి ఎట్టయాపురం చేరాం. అక్కడినుంచి కోవిల్‌పట్టి తొమ్మిది మైళ్ళు. ఆ సాయంత్రానికి కోవిల్‌పట్టి చేరి, మర్నాడు ముప్పై మైళ్ళు తొక్కితే విరుదునగర్. లెక్క సరిగానే ఉంది. ఒక మిఠాయి అంగడి అరుగుమీద కూర్చున్నాం. అంగడాయన తమ్ముడికి పొయ్యి పక్కన చోటిచ్చి, వాడి చెయ్యి తాకి చూసి, ఒళ్ళు కాలిపోతోంది, ఈ పూట ఇక్కడే పడుకుని పొద్దున పోండి అని తమిళంలో చెప్పాడు. బావ లోపలికి వచ్చి అరచేతి వెనకవైపు తమ్ముడి నుదుటికి ఆనించి చూశాడు. బయటికి పోయి ఆకాశం చూశాడు. తరవాత నన్ను అంగడి వెనక, సైకిళ్ళు పెట్టినచోటికి పిలిచాడు. మేమిద్దరమే ఉన్నాం. రేకుమీద వాన మోతకు ఆయన మాట వినటానికి నేను దగ్గరికి జరగాల్సి వచ్చింది.

"ఉండిపోదామా అప్పా?" అన్నాడు.

ఆయన నోట ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. వానకు దిగని మనిషి దిగుదామా అని అడుగుతున్నాడు.

"రేపటికి చేరకపోతే?" అన్నాను.

"చేరకపోతే చేరము. మాల వెయ్యరు. నవ్వుతారు."

నాకు నవ్వే మొహాలు కనపడ్డాయి. మదురై నుంచి వచ్చి, పెట్టె దించి, మేము రాలేదని పెట్టె ఎత్తుకుని పోయే ఫొటోవాడు కనపడ్డాడు. ఎనిమిది రోజులు తొక్కిన కాళ్ళు కనపడ్డాయి. తమ్ముడు గోడకు అవతలే ఉన్నాడు, వాడు కనపడలేదు.

"తొమ్మిది మైళ్ళేగదా బావా. వాడు గట్టోడు. కోవిల్‌పట్టి పోతే మందు ఉంటాది, ఈడ ఏముంది" అన్నాను.

ఆయన కొంచెంసేపు నా మొహం చూశాడు. "నీ తమ్ముడు. నువ్వు చెప్పు" అన్నాడు.

"పోదాం."

బావ లోపలికి పోయి, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే, "లేయప్పా, పోదాము" అన్నాడు. తమ్ముడు లేచాడు. అంగడాయన తల అడ్డంగా ఊపుతూ చూశాడు. ఆయన విన్నది ఆ మాటే. తరవాత అందరికీ చెప్పింది కూడా ఆ మాటే.

నాలుగు మైళ్ళు పోయామో లేదో, వాగు రోడ్డును కోసేసింది. ఎగువన దాటొచ్చని ఎవరో చెప్తే చేలకు అడ్డంపడ్డాం. రేగడి నేల తడిస్తే ఏమవుతుందో అందులో పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నాలుగు అడుగులకే చక్రాలకు, మడ్‌గార్డులకు మధ్య మట్టి మెత్తి, చక్రం తిరగటం మానేసింది. పుల్లతో పెళ్ళగిస్తే మళ్ళీ నాలుగు అడుగులు. చివరికి సైకిళ్ళు మేమే మోశాం. నూనె వ్యాపారి అన్న మాట అక్షరాలా జరిగింది. ఒక్కొక్క కాలు పైకి లాగితే కాలికి మరో కాలంత మట్టి వచ్చేది. తమ్ముడు రెండుసార్లు పడి లేచాడు. మూడోసారి లేవలేదు. కూర్చుని, ఏదో తమాషా జరిగినట్టు మా వైపు చూసి నవ్వాడు.

"నువ్వు పో బావా, నేను మెల్లగా వస్తా" అన్నాడు.

అప్పుడు బావ భుజంమీది సైకిలు కింద పడేశాడు. ఆనించలేదు, పెట్టలేదు, బురదలోకి పడేశాడు. తమ్ముణ్ణి వీపుమీదికి ఎత్తుకున్నాడు. వాడు ఆయనకంటే జానెడు పొడుగు; వాడి కాళ్ళు నేలను రాసుకుంటూ వచ్చాయి. గొర్రెలవాళ్ళ గుడిసెలు కనపడేదాకా, పొద్దు గుంకే దాకా, ఆయన వాణ్ణి దించలేదు. నేను పడుచువాణ్ణే, నేనూ ఎత్తుకోగలను. ఒకసారి నాకివ్వమన్నాను. ఆయన పట్టు ఇంకొంచెం బిగించి నడిచాడు.

గుడిసెలో వాడికి గొంగళి కప్పి, ఆయన వాడి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తన తల తడిగానే ఉంది. వాడి పాదాలు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందుల్లో మట్టి బొటనవేలితో ఒక్కొక్కటిగా తీశాడు. చాలాసేపు తీశాడు. ఆ పని అయ్యాక కూడా పాదాలు వదల్లేదు.

మర్నాడు గొర్రెలవాళ్ళు ఎద్దుబండి కట్టి మమ్మల్ని మా ఊరికి చేర్చారు. కోవిల్‌పట్టి నుంచి డాక్టరు వచ్చి, ఊపిరితిత్తులకు పట్టిందన్నాడు. ఊరు చేరిన నాలుగో రోజు మధ్యాహ్నం వాన వెలిసి, ఎండ కాసి, చేలు ఆవిర్లు కక్కుతున్న వేళ తమ్ముడు పోయాడు.

పదో రోజు సాయంత్రం విరుదునగర్ బజారులో మేళగాళ్ళు పంచలో కూర్చుని కూర్చుని లేచిపోయారట. ఫొటో తీసేవాడు మదురై నుంచి అసలు బయలుదేరనే లేదట. వాన అని.

తమ్ముణ్ణి కాటికి తీసుకుపోయేముందు అమ్మ వాకిట్లో బావకు ఎదురుగా నిలబడింది. అప్పటికే మిఠాయి అంగడాయన మాట ఊళ్ళోకి వచ్చింది. పిల్లవాడి ఒళ్ళు కాలుతోందని చెప్పినా వినకుండా ఆ పెద్దాయన లేపి తీసుకుపోయాడట అని.

"నీ చేతికి ఇస్తిని" అన్నది అమ్మ. "నీ మాలకోసం నా బిడ్డని తొక్కించి చంపినావు. అంగడాయనకి జాలి పుట్టింది, నీకు పుట్టలేదు."

ఊరంతా వింటోంది. బావ తలెత్తి నా వైపు చూశాడు. ఒక్కసారే. అడిగినట్టు చూడలేదు, బెదిరించినట్టు చూడలేదు. దోవ చీలినచోట మనిషి రెండు వైపులకూ చూస్తాడే, అలా చూశాడు. నేను నేలను చూశాను.

"నేనే తీసుకపోతిని అత్తా" అన్నాడు.

"ఇంక ఈ గడప తొక్కొద్దు. నా కూతురు నీతో ఉండేదైతే అదీ తొక్కొద్దు."

ఆయన చేతికి టైరు అందలేదు. తన తొడమీదే బొటనవేలు నొక్కుకుంటూ నిలబడ్డాడు. తరవాత నడిచి వెళ్ళిపోయాడు. అక్క రెండు రోజులుండి, అమ్మ కాళ్ళకు దండం పెట్టి, ఆయన దగ్గరికే పోయింది. ఎనిమిదేళ్ళు అక్క పుట్టింటి గడప తొక్కలేదు. దాని రెండో కాన్పు విరుదునగర్‌లోనే, పక్కింటివాళ్ళ చేతులమీద జరిగింది. మండీలో కూడా ఆయన్ని బావమరిదిని చంపినవాడనేవాళ్ళు. మొహంమీద కాదు, సైకిలు తీసుకుని నాలుగడుగులు పోయాక. కొందరు బాడుగకు వేరే షాపుకు పోయారు. నా ఒంటిమీద మాత్రం ఒక్క చినుకు పడలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్నగా ఊళ్ళో నాకు మర్యాద పెరిగింది. ఆ మరుసటేడు నాకు పెళ్ళయింది. పెళ్ళికి ఆయన్ని పిలవలేదు.

రెండు మూడు నెలలకోసారి ఆయన సామాన్లకని కోవిల్‌పట్టి వచ్చి ఫ్యాక్టరీ బయట కాఫీ అంగట్లో నన్ను కలిసేవాడు. కాఫీ తాగేవాళ్ళం. అక్క ఎట్లా ఉందని నేను, అత్త ఎట్లా ఉందని ఆయన. అంతే. నాలుగైదేళ్ళు ఆ సంగతి మా ఇద్దరి మధ్యా రాలేదు. ఒకరోజు ఎందుకో నేనే అడిగాను. అంగట్లో వేరే ఎవరూ లేరు.

"ఏంటికి బావా, ఆ దినం నువ్వు చెప్పలేదు?"

సైకిలు పక్కనే ఉంది. ఆయన చెయ్యి టైరు మీదికి పోయింది, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"నేను మంచోణ్ణి అనుకోబాక" అన్నాడు. "ఉండిపోదామని గట్టిగా చెప్పుంటే ఉండుందుము. నీకంటే పదైదేండ్లు పెద్దోణ్ణి. గట్టిగా చెప్పలేదు. నాకూ ఆ మాలమీద ఆశ ఉండింది. నా నోట రావాల్సింది నీ నోట రప్పించుకుంటిని. సగం పాపం నాది. అది నాకు తెలుసు."

కాఫీ కొంచెం తాగాడు.

"సగానికే తిట్లు తిందామని ఉంటిని. మొత్తం నేనే తింటా ఉండా."

"దీపావళికి అమ్మకి చెప్పేస్తాను బావా" అన్నాను.

ఆయన నవ్వాడు. అలాంటి నవ్వు వానలో, బురదలో కూడా నేను చూడలేదు. "నిన్ను చూస్తే నాకు అసయ్యంగా ఉంటాది అప్పా. అయినా వస్తా ఉండా. నీ అక్క చూసి రమ్మంటాది. తమ్ముడు ఒక్కడేగదా మిగిలింది, వాడు సన్నబడినాడా, తింటా ఉండాడా అని అడగతాది. అందుకు వస్తా ఉండా."

ఆ దీపావళి వచ్చింది, పోయింది. ఇంకో మూడు కూడా వచ్చి పోయాయి. అమ్మకు కళ్ళు సరిగా కనపడటం లేదని ఒక ఏడు, నా కూతురికి ఒంట్లో బాగాలేదని ఒక ఏడు. ఏ ఏటికి ఆ ఏడు ఒక కారణం దొరికింది. ఆయన మళ్ళీ ఆ మాట అడగలేదు. రావటం మాత్రం మానలేదు. ఒక్కసారి మంచి వానలో వచ్చాడు. అంగడి పంచలో నిలబడి తల తుడుచుకున్నాడు. సైకిలు నీళ్ళు కారుతూ గోడకు ఉంది. దాని వంక చూడలేదు. అప్పుడు తెలిసింది ఆయన ముసలివాడవుతున్నాడని.

ఆయన చావుకు నేను పోయేసరికి షాపు ముందు పందిరి వేశారు. చుట్టాలు నన్ను చూసి దోవ ఇచ్చారు. పెద్దాయన ఒకరు నా భుజం తట్టి, "ఎంత మనసప్పా నీది. తమ్ముణ్ణి పొట్టనబెట్టుకున్నోడికి భుజం పట్టను వచ్చినావు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. నేను పాడెకు భుజం పట్టాను. ఆయన తేలికగా ఉన్నాడు. దోవపొడుగునా ఎండే.

తిరిగొచ్చాక అక్క నన్ను లోపలికి పిలిచింది. గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"అందరూ ఆయన్ని అన్నారు తంబీ" అన్నది. "మన అమ్మ అన్నది. నేనూ లోపల అనుకుంటిని, ఎన్నోమార్లు. ఎదురుగా కూర్చుని అన్నం పెడతా అనుకుంటిని. నువ్వు ఒక్కడివే ఒక దినమైనా ఆయన్ని ఒక మాట అనలేదు. ఆయన కూడా నిన్ను చూసి వచ్చిన దినం ఆ పొద్దంతా మాట్లాడేవాడు కాదు. నిన్ను చూస్తే మన చిన్నోడు గుర్తొస్తాడేమో అనుకుంటిని. నీ రుణం నేను తీర్చలేను."

నా చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. బయట ఎవరో అన్నానికి లేవమని పిలిచారు. నేను లేచాను. లేచి పోయి ఆకు ముందు కూర్చుని తిన్నాను.

మూడో రోజు మా ఊరికి పోయాను. బావ చావుకు అమ్మ రాలేదు. వాకిట్లో చాపమీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది. కళ్ళు కనపడకపోయినా చేతులకు ఆ పని వచ్చు. పొద్దు ఇంకా నెత్తిమీదికి రాలేదు. నేను ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. అంగడి వెనక ఆయన ఏమని అడిగాడో, నేను ఏమన్నానో, అక్షరం మార్చకుండా చెప్పాను. ఫొటో సంగతి కూడా చెప్పాను. సగం పాపం తనదని ఆయన అన్న మాట మాత్రం చెప్పలేదు. అది చెప్తే నా భారం తగ్గించుకున్నట్టు ఉంటుందని.

అమ్మ వింటున్నంతసేపూ చేతులు ఆపలేదు. నేను ముగించాక ఆపింది.

"ఈ మాట ఆయప్ప బతికుండగా చెప్పుంటే, ఒక పూట ఈడికి వచ్చి అన్నం తినిపోయుండును గదా."

ఏడవలేదు. నన్ను తిట్టలేదు. తిడుతుందని ఎనిమిదేళ్ళు భయపడ్డాను. తిడితే బాగుండునని అప్పుడు అనిపించింది. మర్నాడు పొద్దున్నే, కళ్ళు కనపడని మనిషి, పక్కింటి ఆమెను తోడు తీసుకుని విరుదునగర్ బస్సెక్కింది. అక్క దగ్గర పదహారో దినం కర్మ ముగిసేదాకా ఉంది. అక్కడ ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పదహారో దినానికి నాకు పిలుపు రాలేదు. అక్క దగ్గరినుంచి ఆ తరవాత కూడా ఏ కబురూ లేదు.

అమ్మ తిరిగొచ్చింది. నేను ఊరికి పోయినప్పుడల్లా ఎప్పటిలాగే ఆకు వేసి, తడుముకుంటూ అన్నం వడ్డిస్తుంది. ఇంకొంచెం పెట్టమంటావా అని మాత్రం అడగదు.